సాఫ్ట్‌వేర్ మారితే సర్క్యూట్ మారుతుందా?

పాడైపోయిన కంప్యూటర్ మౌస్‌నో, పాత రేడియోనో ఎప్పుడైనా విప్పి చూశారా? లోపల ఒక పలక కనిపిస్తుంది. దానిమీద సన్నటి రాగి గీతలు, ఆ గీతల కొసల్లో చిన్న చిన్న రంధ్రాలు, ఆ రంధ్రాల్లో కాళ్లు దూర్చుకుని కూర్చున్న రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు ఉంటాయి. దీన్నే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు అంటారు. ఇందులో రాగి గీతలే తీగల పని చేస్తాయి. అవసరమైన గీత ఒక్కటి తెగినా, పక్కదానికి తగిలినా ఆ పరికరం సరిగా పనిచేయదు.

ఒకప్పుడు ఇంజనీర్లు పారదర్శకమైన ఫిల్మ్ మీద నల్లని టేపు ముక్కలు అంటించి ఈ గీతల నమూనా తయారుచేసేవారు. 1980లలో పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక ఈ పని క్రమంగా సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లింది. ప్రొటెల్, ఆర్‌క్యాడ్, ఈగిల్, కైక్యాడ్ వంటివి ఇలాంటి సాఫ్ట్‌వేర్లే. ఇవాళ సెల్‌ఫోన్ నుంచి ఉపగ్రహం దాకా ఏ పరికరంలోని బోర్డయినా ముందుగా ఇలాంటి ఒక ప్రోగ్రామ్‌లో రూపం పోసుకోవలసిందే.

అయితే ఈ సాఫ్ట్‌వేర్లను రోజూ వాడేవారిని కదిలించి చూడండి. కొత్త వెర్షన్ వచ్చిందంటే సంతోషం కంటే భయమే ఎక్కువని చెబుతారు. నిన్నటిదాకా చక్కగా తెరుచుకున్న ఫైలు ఇవాళ తెరుచుకోదు. తెరుచుకున్నా ఒక తీగ తన పిన్నును వదిలి పక్కకు జరిగి ఉంటుంది. సగం పనిలో ఉండగా ప్రోగ్రామ్ చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. పాత వెర్షన్‌కు వెళ్దామంటే కొత్తదాంట్లో దాచిన ఫైలును అది చదవలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి! కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత ఈ రంగంలో తలకిందులైనట్టు కనిపిస్తుంది.

ఎందుకిలా జరుగుతోంది? ఇది తయారీదారుల అజాగ్రత్త ఒక్కటేనా? లేక సాఫ్ట్‌వేర్ స్వభావంలోనే ఏదైనా కారణం ఉందా? వాడేవారు తమ డిజైన్లను ఎలా కాపాడుకోవాలి? వివరంగా చూద్దాం.

బొమ్మ కాదు, లెక్క

సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ప్రోగ్రామ్ అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఆ ప్రోగ్రామ్ చేసే పనిలో కొన్ని మెట్లున్నాయి.

మొదటి మెట్టులో ఇంజనీరు స్కీమాటిక్ గీస్తాడు. పాఠ్యపుస్తకాల్లో మీరు చూసే సర్క్యూట్ పటం ఇదే. ఇందులో ఒక్కో విడిభాగానికి ఒక్కో గుర్తు ఉంటుంది. రెండో మెట్టులో ప్రోగ్రామ్ ఆ పటాన్ని చదివి ఒక జాబితా తయారుచేస్తుంది. ఏ విడిభాగంలోని ఎన్నో నంబరు పిన్ను మరే విడిభాగంలోని ఏ పిన్నుకు కలవాలి అన్నదే ఆ జాబితా. దీన్ని నెట్‌లిస్ట్ అంటారు. మూడో మెట్టులో ప్రతి గుర్తుకూ దాని అసలు ఆకారం జతవుతుంది. అంటే ఆ భాగం బోర్డు మీద ఎంత చోటు ఆక్రమిస్తుంది, దాని కాళ్ల మధ్య దూరమెంత అన్న వివరం. దీన్ని ఫుట్‌ప్రింట్ అంటారు. నాలుగో మెట్టులో ఈ భాగాలను బోర్డు మీద అమర్చి, రాగి దారులు వేస్తారు. ఆపైన ప్రోగ్రామ్ మొత్తం బోర్డును తనిఖీ చేస్తుంది. రెండు రాగి దారుల మధ్య ఉండవలసిన కనీస దూరం ఉందా, కలవవలసినవన్నీ కలిశాయా అని చూస్తుంది. చివరి మెట్టులో ఫ్యాక్టరీకి పంపవలసిన ఫైళ్లు తయారవుతాయి.

ఇంజనీరు స్వయంగా గీసేది కొంతే. మిగిలిందంతా ప్రోగ్రామ్ లెక్కగట్టి తేలుస్తుంది. ఉదాహరణకు, బోర్డు మీద ఖాళీగా మిగిలిన స్థలాన్ని తరచు రాగితో నింపి దాన్ని భూమికి, అంటే గ్రౌండ్‌కు కలుపుతారు. ఆ రాగి ఎక్కడిదాకా పాకాలి, ఏ గీతకు ఎంత దూరంలో ఆగాలి అన్నది ఇంజనీరు చేత్తో గీయడు. హద్దులు చెప్పి వదిలేస్తాడు. ఆకారాన్ని ప్రోగ్రామే లెక్కిస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఫైలులో నిండుగా ఉండేది బొమ్మ కాదు, కొన్ని అంకెలు, కొన్ని ఆదేశాలు. వాటికి అర్థం చెప్పేది ప్రోగ్రామ్. కొత్త వెర్షన్ అంటే అదే రాతప్రతిని చదివే కొత్త మనిషి అన్నమాట. పాత మనిషి ఏ మాటను ఎలా అర్థం చేసుకున్నాడో కొత్త మనిషి కూడా అలాగే అర్థం చేసుకోవాలి. ఒక్క చోట తేడా వచ్చినా బోర్డు మారిపోతుంది.

గుర్తు మారితే కాలు మారుతుంది

ఈ తేడా ఎలా వస్తుందో మీకు తెలిసిన విడిభాగంతోనే చూద్దాం. ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలు చేసేవారందరికీ బీసీ547 ట్రాన్సిస్టర్ పరిచయమే. దాని చదును ముఖం మనవైపు, కాళ్లు కిందివైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. అదే ఆకారంలో దొరికే 2ఎన్3904 ట్రాన్సిస్టర్‌లో ఈ వరుస తిరగబడుతుంది. ఎమిటర్ ముందు, కలెక్టర్ చివర వస్తాయి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇలాంటి వేలాది విడిభాగాల గుర్తులు ఒక లైబ్రరీగా వస్తాయి. కొత్త వెర్షన్ తయారుచేసినవారు ట్రాన్సిస్టర్ల గుర్తులను సరిచేస్తూ పిన్నుల నంబర్లను తిరగరాశారనుకుందాం. మీ పాత స్కీమాటిక్‌లో ఉన్నది గుర్తు పేరు మాత్రమే అయితే, ప్రోగ్రామ్ ఆ పేరుతో కొత్త గుర్తును తెచ్చి అక్కడ పెడుతుంది. తెర మీద పటం మునుపటిలాగే ఉంటుంది. కానీ నెట్‌లిస్ట్‌లో ఎమిటర్, కలెక్టర్ తారుమారై ఉంటాయి. ఈ లోపం మీకు తెలిసేది బోర్డు తయారై వచ్చి, సోల్డరింగ్ పూర్తిచేసి, కరెంటు ఇచ్చాకే!

ఇది కేవలం ఊహ కాదు. కైక్యాడ్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. ఫ్రాన్స్‌కు చెందిన జ్యాఁ-పియేర్ షారాస్ 1992లో ప్రారంభించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి తరువాతి కాలంలో సెర్న్ పరిశోధన సంస్థ కూడా తోడ్పడింది. 5వ వెర్షన్ దాకా ఇందులో స్కీమాటిక్ ఫైలులో గుర్తుల పేర్లే ఉండేవి, గుర్తులు మాత్రం విడిగా లైబ్రరీలో ఉండేవి. లైబ్రరీ మారినప్పుడు పాత పటాల్లో తీగలు పిన్నులను వదిలిపోయే ప్రమాదం ఉండేది. అందుకని పాత గుర్తులను కాపాడి పక్కన పెట్టే ఏర్పాటు ఒకటి చేయవలసి వచ్చింది. 2018లో వచ్చిన 5వ వెర్షన్‌లో లైబ్రరీల అమరికే మారింది. పాత ప్రాజెక్టు తెరిచినప్పుడల్లా ఏ గుర్తు ఏ లైబ్రరీలో ఉందో మళ్లీ జతచేసుకోవలసి వచ్చింది. చివరికి 2021 డిసెంబరులో వచ్చిన 6వ వెర్షన్‌లో గుర్తులను స్కీమాటిక్ ఫైలులోనే ఇమిడ్చే పద్ధతి పెట్టారు. మంచి మార్పే. అయితే దానికోసం ఫైలు రూపమే మారింది. 6వ వెర్షన్‌లో దాచిన ఫైలును 5వ వెర్షన్ చదవలేదు. ఒక కష్టం తీర్చడానికి వచ్చిన మార్పే ఇంకో కష్టాన్ని వెంటబెట్టుకు రావడం ఇక్కడ గమనించండి.

దశాంశ స్థానం చేసే మాయ

ఇక అంకెల సంగతి. ఎలక్ట్రానిక్స్‌లో అంగుళాలు, మిల్లీమీటర్లు రెండూ వాడుకలో ఉన్నాయి. పాత ఐసీల కాళ్ల మధ్య దూరం 0.1 అంగుళం, అంటే 2.54 మిల్లీమీటర్లు. తరువాత వచ్చిన చిన్న ఐసీల్లో కొన్నింటికి ఈ దూరం 0.025 అంగుళం, అంటే 0.635 మిల్లీమీటర్లు. ఒక ప్రోగ్రామ్ కొలతలను మిల్లీమీటర్లలోకి మార్చేటప్పుడు రెండు దశాంశ స్థానాలకే కుదించిందనుకుందాం. 0.635 కాస్తా 0.64 అవుతుంది. తేడా 0.005 మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ ఒకే వరుసలో 40 కాళ్లున్న కనెక్టర్‌ను తీసుకోండి. మొదటి కాలు సరిగ్గా కూర్చున్నా, 40వ కాలు దగ్గరికి వచ్చేసరికి తేడా 39 రెట్లయి 0.195 మిల్లీమీటర్లు అవుతుంది. కాళ్ల మధ్య దూరంలో ఇది దాదాపు మూడో వంతు! అన్ని కాళ్లూ సరిగ్గా వాటి రాగి బిళ్లల మీద కూర్చోవు.

అందుకే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు లోపల చాలా చిన్న కొలమానం వాడతాయి. కైక్యాడ్ మొదట్లో అంగుళంలో పదివేల వంతును ప్రమాణంగా తీసుకునేది. తరువాత నానోమీటరుకు మారింది. ఇలా లోపలి కొలమానం మార్చడమంటే ఇల్లు నిలిచి ఉండగానే పునాది రాళ్లు మార్చడం లాంటిది. ప్రోగ్రామ్‌లో పొడవును తాకే ప్రతి చోటునూ తిరగరాయాలి. ఒక్క చోట మరచిపోయినా బగ్ పుట్టినట్టే.

ఫ్యాక్టరీకి పంపే ఫైళ్లలోనూ ఇలాంటి చిక్కే ఉండేది. బోర్డు తయారీకి ప్రపంచమంతా వాడే గెర్బర్ ఫైళ్లలో పాత పద్ధతి ప్రకారం దశాంశ బిందువు రాయరు. 015000 అని ఉంటే, ముందు రెండు అంకెలు పూర్ణాంకం, తరువాతి నాలుగు దశాంశం అని అనుకుంటే అది 1.5 అంగుళాలు. ముందు మూడు, తరువాత మూడు అనుకుంటే 15 అంగుళాలు! ఎలా చదవాలో వేరే కాగితం మీద రాసి పంపేవారు. 1998లో వచ్చిన విస్తృత గెర్బర్ పద్ధతిలో ఆ వివరం ఫైలులోనే ఉండేలా చేశారు.

సర్క్యూట్ అదే, ఫలితం వేరు

బోర్డు తయారుచేయకముందే సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడవచ్చు. దీన్ని సిమ్యులేషన్ అంటారు. ఈ పనిలో ప్రపంచానికి దారి చూపిన ప్రోగ్రామ్ స్పైస్. అమెరికాలోని బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ దీన్ని రూపొందించి 1973లో ప్రకటించారు. ఇవాళ వాడుకలో ఉన్న సిమ్యులేటర్లలో చాలావాటికి మూలపురుషుడు ఇదే.

స్పైస్ సమీకరణాలను సూటిగా సాధించదు. ముందు ఒక వోల్టేజిని అంచనా వేస్తుంది, సమీకరణంలో పెట్టి చూస్తుంది, తప్పును బట్టి అంచనాను సవరిస్తుంది. వరుసగా వచ్చిన రెండు జవాబుల మధ్య తేడా బాగా తగ్గిపోగానే ఇక చాలు అని ఆగుతుంది. ఎంత తగ్గితే ఆగాలి? స్పైస్‌లో మామూలుగా పెట్టిన హద్దు వెయ్యింట ఒక వంతు. అలాగే కాలాన్ని కూడా చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు లెక్క వేస్తుంది. ఇందుకు ఒకటి కంటే ఎక్కువ గణిత పద్ధతులున్నాయి. ఒక పద్ధతి కొన్ని సర్క్యూట్లలో లేని కంపనాలను ఉన్నట్టు చూపిస్తుంది. ఇంకో పద్ధతి నిజంగా ఉన్న కంపనాలను కూడా అణచివేసి చూపించవచ్చు.

కొత్త వెర్షన్‌లో ఆ హద్దునో, ఆ పద్ధతినో, ట్రాన్సిస్టర్ గుణాలను తెలిపే అంకెలనో మార్చారనుకోండి. మీ సర్క్యూట్‌లో ఒక్క రెసిస్టర్ కూడా మారకుండానే తెర మీద తరంగం రూపం మారిపోతుంది. అప్పుడు ఇంజనీరుకు ఎదురయ్యే ప్రశ్న చాలా ఇబ్బందికరమైనది. పాత జవాబు తప్పా, కొత్త జవాబు తప్పా? కొత్త వెర్షన్‌లో బగ్ ఉందా, లేక పాత వెర్షన్‌లో ఉన్న బగ్‌ను ఇప్పుడు సరిచేశారా? ప్రోగ్రామ్ ఆగిపోతే కనీసం ఏదో జరిగిందని తెలుస్తుంది. మౌనంగా వేరే జవాబు ఇస్తేనే ప్రమాదం.

ఒకటి దిద్దితే ఇంకొకటి

బగ్గులున్నాయని తెలిసినప్పుడు వాటన్నిటినీ దిద్దేసి విడుదల చేయవచ్చు కదా అని మీరడగవచ్చు. ఐబీఎంలో సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకంలో ఈ విషయం చర్చించారు. ఒక లోపాన్ని దిద్దినప్పుడు ఇంకో కొత్త లోపం పుట్టే అవకాశం నూటికి 20 నుంచి 50 దాకా ఉంటుందని ఆయన అంచనా.

ఈ లెక్క కాస్త వేసి చూద్దాం. ప్రోగ్రామ్‌లో 100 బగ్గులున్నాయి. నూటికి 20 చొప్పున అయితే వాటిని దిద్దేసరికి 20 కొత్తవి పుడతాయి. ఆ 20 దిద్దితే 4, ఆ నాలుగూ దిద్దితే ఒకటి. మొత్తం మీద 125 సార్లు దిద్దుబాటు చేయాలి. నూటికి 50 చొప్పున అయితే 200 సార్లు చేయాలి. అందులో ఏ మెట్టు దగ్గర విడుదల తేదీ వచ్చి పడితే అక్కడికి మిగిలిన బగ్గులన్నీ వాడేవారి నెత్తిన పడతాయి.

పరీక్షించడంలో ఇంకో చిక్కుంది. ప్రోగ్రామ్‌లో ఉందనో లేదనో ఎంచుకోదగ్గ సదుపాయాలు 20 ఉన్నాయనుకుందాం. అవి కలిసే తీర్లు 2ను 20 సార్లు గుణిస్తే వచ్చేటన్ని, అంటే 10,48,576. ఒక్కోదాన్ని పరీక్షించడానికి ఒక సెకను చాలనుకున్నా అన్నిటికీ 12 రోజులు పడుతుంది. ఇంకో పది సదుపాయాలు చేరిస్తే? 12 రోజులు కాస్తా 34 సంవత్సరాలవుతుంది! ఈ పరిస్థితిలో అన్నీ పరీక్షించి విడుదల చేయడమన్నది ఎవరివల్లా కాదు. పాత వెర్షన్‌లో సరిగా పనిచేసినవి కొత్తదాంట్లోనూ పనిచేస్తున్నాయో లేదో చూసే రిగ్రెషన్ టెస్టింగ్ అనే పద్ధతి ఉంది. అది చాలా లోపాలను పట్టుకుంటుంది. కానీ మీ ఆఫీసులో మీరు పదేళ్ల కింద గీసిన విచిత్రమైన ఆకారపు బోర్డు ఆ పరీక్షల్లో ఉండదు కదా!

వ్యాపార కారణమూ లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవారికి కొనుగోలుదారులకు చూపించడానికి కొత్త సదుపాయాలు కావాలి. పాత లోపాలు దిద్దామని చెబితే ప్రకటనలో ఆకర్షణ ఉండదు. ఏడాదికొకసారి రుసుము తీసుకునే పద్ధతిలో ఏడాదికొక వెర్షన్ చూపించాలన్న ఒత్తిడి ఉంటుంది. వాడేవారికి మాత్రం ఉన్నది నమ్మకంగా పనిచేస్తే చాలు. ఈ రెండు కోరికల మధ్య దూరమే వారి విసుగుకు సగం కారణం.

ఒకే విమానం, రెండు వెర్షన్లు

అప్‌గ్రేడ్ చేయకుండా కూర్చుంటే పోతుందా? అదీ కుదరదు. ఇందుకు ఎయిర్‌బస్ సంస్థ నిర్మించిన ఎ380 విమానం చరిత్ర సాక్ష్యం. రెండంతస్తుల ఈ భారీ విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల విద్యుత్ తీగలుంటాయి. విమానం భాగాలు ఐరోపాలో వేర్వేరు దేశాల్లో తయారై ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఒకచోట చేరతాయి. ఫ్రాన్స్, బ్రిటన్ ఇంజనీర్లు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ 5వ వెర్షన్‌కు మారారు. జర్మనీ, స్పెయిన్ ఇంజనీర్లు 4వ వెర్షన్‌లోనే ఉండిపోయారు. ఈ రెంటికీ పేరు ఒకటే కానీ లోపలి నిర్మాణం వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు వివరాలు పూర్తిగా చేరలేదు. హాంబర్గ్‌లో అల్లిన తీగల కట్టలు తులూజ్‌లో విమానంలో బిగించబోతే పొడవు చాలలేదు.

2006లో ఈ సంగతి బయటపడ్డాక విమానాల అప్పగింత వరుసగా వాయిదా పడింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో గాని అందలేదు. ఆలస్యం వల్ల సంస్థకు కలిగిన నష్టం వందల కోట్ల డాలర్లలో ఉంది. ఒక బృందం ముందుకు, ఇంకో బృందం వెనక ఉండటమే చిక్కుల్లోకి దించింది. మారితే అందరూ కలిసి మారాలి, లేదా అందరూ కలిసి ఆగాలి అన్నదే దీని పాఠం.

బోర్డు ఆయుష్షు, సాఫ్ట్‌వేర్ ఆయుష్షు

ఇంకో సంగతి ఆలోచించండి. రైల్వే సిగ్నళ్లలో, ఆస్పత్రి పరికరాల్లో, ఫ్యాక్టరీ యంత్రాల్లో వాడే బోర్డులు పది, పదిహేను సంవత్సరాలు పనిచేయాలి. ఈలోగా ఏదో ఒక ఐసీ మార్కెట్లో దొరకడం మానేస్తుంది. అప్పుడు పాత డిజైన్‌ను తెరిచి చిన్న మార్పు చేయాలి. కానీ ఆ డిజైన్ గీసిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏనాడో పోయి ఉంటుంది. అది పనిచేసే కంప్యూటర్ కూడా దొరకదు.

ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్ కథ దీనికి ఉదాహరణ. 1988లో జర్మనీలో పుట్టిన ఈగిల్‌ను చిన్న సంస్థలు, విద్యార్థులు ఎంతో ఇష్టంగా వాడుకున్నారు. 2016లో ఆటోడెస్క్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2017 జనవరి నుంచి ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే పద్ధతి పోయి, చందా కట్టే పద్ధతి వచ్చింది. 2026 జూన్ 7 తరువాత ఈగిల్ ఇక అందుబాటులో ఉండదని 2023లో ఆ కంపెనీ ప్రకటించింది. అంటే అప్పటిదాకా గీసినవాటి గతి ఏమిటి?

ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. ఈగిల్ 6వ వెర్షన్ నుంచి దాని ఫైళ్లు మామూలు అక్షరాల్లో, చదవడానికి వీలైన రూపంలో ఉంటున్నాయి. అందువల్ల కైక్యాడ్ వంటి ఇతర ప్రోగ్రామ్‌లు వాటిని తెరవగలిగాయి. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఎంతోమంది శ్రమ వృథా కాకుండా మిగిలింది. డిజైన్ ఒక్క ప్రోగ్రామ్‌కు మాత్రమే అర్థమయ్యే రూపంలో ఉంటే, దాని తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టినట్టే.

మరి ఏం చేయాలి?

అనుభవమున్న డిజైనర్లు పాటించే కొన్ని జాగ్రత్తలు ఇవి. మీరు ఈ రంగంలో విద్యార్థులైనా, చిన్న పరిశ్రమ నడుపుతున్నా ఇవి ఉపయోగపడతాయి.

1. పని మధ్యలో వెర్షన్ మార్చకండి. ఒక ప్రాజెక్టు మొదలుపెట్టిన వెర్షన్‌లోనే పూర్తిచేయండి. మారవలసి వస్తే ఒక ప్రాజెక్టు పూర్తయ్యాక, ఇంకొకటి మొదలుపెట్టే ముందు మారండి.

2. వెర్షన్ నంబరు చదవడం నేర్చుకోండి. 8.0 అంటే కొత్త సదుపాయాలతో కొత్తగా వచ్చినది. 8.0.1, 8.0.2 అంటే దానిలో బయటపడిన లోపాలు దిద్దినవి. కైక్యాడ్ వంటి వాటిలో ఈ చివరి అంకె మారినప్పుడు ఫైలు రూపం మార్చకూడదన్న నియమం పెట్టుకున్నారు. అత్యవసరం లేకపోతే సున్నా వెర్షన్‌ను ఇతరులు కొన్నాళ్లు వాడనివ్వండి.

3. పాతదాన్ని తీసేయకుండా కొత్తదాన్ని పక్కన పెట్టండి. పాత ఫైళ్ల నకలు వేరే చోట దాచండి. కొత్త వెర్షన్‌లో ఎప్పుడూ నకలునే తెరవండి.

4. పరీక్ష బోర్డు ఒకటి ఉంచుకోండి. ఇదివరకే తయారై, చక్కగా పనిచేస్తున్న ఒక డిజైన్‌ను కొత్త వెర్షన్‌లో తెరిచి, నెట్‌లిస్ట్, గెర్బర్ ఫైళ్లు మళ్లీ తీయండి. పాతవాటితో పోల్చండి. వాటిలో తేడా కనబడితే కారణం తెలిసేదాకా ఆ వెర్షన్‌ను నమ్మకండి.

5. ఫ్యాక్టరీకి పంపే గెర్బర్ ఫైళ్లను డిజైన్ చేసిన ప్రోగ్రామ్‌లో కాకుండా వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. ఒకే ప్రోగ్రామ్ తన తప్పును తానే పట్టుకోలేకపోవచ్చు. లెక్క చేసినవారు, సరిచూసేవారు వేరుగా ఉండాలన్నది పాత సూత్రమే.

6. పూర్తయిన ప్రతి ప్రాజెక్టుకూ స్కీమాటిక్ ముద్రించిన ప్రతి, నెట్‌లిస్ట్, గెర్బర్ ఫైళ్లు, విడిభాగాల జాబితా, వాడిన లైబ్రరీ, వెర్షన్ నంబరు కలిపి ఒకచోట భద్రపరచండి. సాఫ్ట్‌వేర్ పోయినా వీటితో బోర్డును మళ్లీ చేయించుకోవచ్చు.

7. బగ్ కనిపిస్తే విసుక్కుని ఊరుకోకుండా తయారీదారులకు రాయండి. 'పనిచేయడం లేదు' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్, ఏ కంప్యూటర్, ఏ వరుసలో ఏమేం చేస్తే లోపం కనిపిస్తుంది, ఏం జరగాలి, ఏం జరిగింది అన్నవి చెప్పాలి. లోపం చూపే అతి చిన్న ఫైలు జతచేస్తే దిద్దేవారి పని సగమవుతుంది.

మన విద్యార్థులకు ఒక అవకాశం

ఖరీదైన సాఫ్ట్‌వేర్లు మన కళాశాలలన్నింటికీ అందుబాటులో ఉండవు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు రూపొందించిన ఈసిమ్ ఈ లోటు తీర్చడానికి వచ్చినదే. పటం గీయడానికి కైక్యాడ్‌ను, సిమ్యులేషన్‌కు స్పైస్ వారసత్వంలోని ఎన్‌జీస్పైస్‌ను జతచేసి దీన్ని తయారుచేశారు. ఇది ఉచితంగా దొరుకుతుంది. దీని మూలం అందరికీ తెరిచి ఉంటుంది. ఉచితమైనంత మాత్రాన బగ్గులుండవని కాదు. పైగా ఇందులో కలిసిన భాగాల్లో ఒకదాని వెర్షన్ మారితే మిగతావాటినీ దానికి తగ్గట్టు సర్దుకోవాలి. అయితే లోపం ఎక్కడుందో తొంగిచూసే వీలు, చేతనైతే దిద్దే వీలు ఇక్కడ ఉంటుంది. సర్క్యూట్లూ ప్రోగ్రామింగూ రెండూ నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి బడి ఏముంటుంది?

ఇంజనీర్లు తమ బోర్డును నమ్మరు, మీటరు పెట్టి కొలిచి చూస్తారు. ఆ బోర్డును గీసిన సాఫ్ట్‌వేర్‌ను మాత్రం కళ్లు మూసుకుని నమ్మడం సబబేనా? అదీ మనుషులు తయారుచేసిన పరికరమే. ప్రతి కొత్త వెర్షన్‌ను ఒక కొత్త పరికరంగా భావించి, తెలిసిన జవాబుతో సరిచూసుకున్నాకే వాడుకలోకి తీసుకోవాలి. కంప్యూటర్ చెప్పింది కాబట్టి ఒప్పుకోవడం కాదు, ఏది చెప్పినా పరీక్షించి ఒప్పుకోవడమే శాస్త్రీయ దృక్పథం.